వీఏ హాస్పిటల్లో కైరోప్రాక్టర్‌గా చేరాలంటే, చేరాక నిలదొక్కుకోవాలంటే

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలు కొందరు, ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి ఇక్కడికొచ్చినవాళ్ళు కొందరు ఈ మధ్య కైరోప్రాక్టిక్, అంటే వెన్ను, మెడ, కీళ్ళ నొప్పులకి చేతులతో చేసే వైద్యం, చదవాలా వద్దా అని అడుగుతున్నారు. అందరి మనసులో ఉండేది సొంత క్లినిక్కు, లేదంటే షాపింగ్ సెంటర్‌లో ఉండే ఫ్రాంచైజీలో ఉద్యోగం, ఈ రెండే. గవర్నమెంట్ హాస్పిటల్లో జీతం మీద, డాక్టర్లు, ఫిజికల్ థెరపిస్టులు, సైకాలజిస్టులు ఉన్న టీంలో ఒకళ్ళుగా ఇదే పని చెయ్యొచ్చని చాలామందికి తెలీదు. ఆ సిస్టమ్ పేరు వీఏ (వెటరన్స్ అఫైర్స్), మాజీ సైనికుల కోసం ఫెడరల్ గవర్నమెంట్ నడిపేది, దేశమంతా కలిపి 170 దాకా మెడికల్ సెంటర్లు, వెయ్యికి పైగా ఔట్‌పేషెంట్ క్లినిక్కులు, పేరు నమోదు చేసుకున్న వెటరన్లు దాదాపు 90 లక్షల మంది. నేను అందులో పనిచేస్తున్నా, కొత్తగా చేరినవాళ్ళు ఎక్కడ తడబడతారో దగ్గర్నుంచి చూస్తున్నా, అందుకే తెలుగులో ఒకచోట రాసి పెడదామనిపించింది.

ఒక విషయం ముందే చెప్పేస్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సొంత క్లినిక్కులో పేషెంట్ మీ పేషెంట్. వీఏలో పేషెంట్ టీం మొత్తానికి పేషెంట్, మీరు ఆ మనిషి జీవితంలోకి కొన్ని వారాలు వచ్చి, చెయ్యగలిగింది చేసి, ఏం చేశారో అందరికీ అర్థమయ్యేలా రాసి, తప్పుకోవాలి. చేతిలో ఎంత పనితనం ఉన్నా ఇది ఒంటబట్టకపోతే ఇక్కడ నెగ్గుకురావడం కష్టం. వారానికి మూడుసార్లు రండి, ప్యాకేజీ తీసుకోండి, జీవితాంతం మెయింటెనెన్స్ చేయించుకోండి అనే అలవాటుతో వచ్చినవాళ్ళకి మొదటి సంవత్సరం చాలా బరువుగా గడుస్తుంది.

ఈ పోస్టు ఎలా వచ్చిందో తెలిసుండాలి

చరిత్ర ఎందుకు అనుకోకండి, మీ పక్క గదిలో కూర్చునే డాక్టర్ మిమ్మల్ని ఎందుకు కాస్త అనుమానంగా చూస్తాడో దీంట్లోనే ఉంది. 1895లో డేవెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డి.డి. పామర్ మొదలుపెట్టిన ఈ వృత్తిని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చాలా ఏళ్ళు దూరం పెట్టింది, 1963లో ఏకంగా దొంగవైద్యాల మీద ఒక కమిటీనే వేసింది, డాక్టర్లు కైరోప్రాక్టర్లతో కలిసి పనిచెయ్యడమే నైతికంగా తప్పని రూల్ పెట్టుకున్నారు. దాని మీద 1976లో విల్క్ అనే కైరోప్రాక్టరూ ఇంకొందరూ కోర్టుకెళ్తే 1987లో జడ్జి సుసాన్ గెట్జెన్‌డానర్ అది పోటీని అణిచే చట్టవిరుద్ధమైన బాయ్‌కాట్ అని తీర్పు ఇచ్చారు, 1990లో అప్పీల్ కోర్టు కూడా అదే నిలబెట్టింది. అంటే ఇప్పుడు రిటైర్మెంట్‌కి దగ్గరైన డాక్టర్లు ట్రైనింగ్ అయింది ఆ గొడవ నడుస్తున్న రోజుల్లోనే.

వీఏలో మాత్రం తలుపు తెరిచింది అమెరికన్ కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చేసిన చట్టాలే. 1999లో ఒక చట్టం కైరోప్రాక్టిక్ మీద ఒక పాలసీ పెట్టమంది, 2002 జనవరిలో సంతకమైన ఇంకో చట్టం వీఏ లోపలే ఆ సర్వీస్ పెట్టాలంది, 2004లో క్లినిక్కులు మొదలయ్యాయి. 2018లో వచ్చిన బడ్జెట్ చట్టం ఇంకా ముందుకెళ్ళి 2021 చివరికల్లా ప్రతి రీజియన్‌లోనూ సగం మెడికల్ సెంటర్లలో ఈ సర్వీస్ ఉండాలని గడువు పెట్టింది. ఆ పోస్టులు పెరగడానికి కారణం అది, దాంతోపాటు ఓపియాయిడ్ అనే బలమైన, అలవాటుపడిపోయే నొప్పి మాత్రల వల్ల జరిగిన నష్టం. వీఏ 2013లో ఓపియాయిడ్ సేఫ్టీ అని ఒక కార్యక్రమం దేశమంతా పెట్టాక, మాత్ర తగ్గిస్తున్నాం సరే, నొప్పికి బదులు ఏమిస్తాం అన్న ప్రశ్న ప్రతి ప్రైమరీ కేర్ డాక్టర్ ముందుకీ వచ్చింది. మీ దగ్గరికి వచ్చే రెఫరల్స్‌లో చాలావాటి వెనక ఉన్నది ఆ ప్రశ్నే, అది గుర్తుపెట్టుకుంటే రెఫర్ చేసిన మనిషికి ఏం కావాలో సగం తెలిసిపోతుంది.

చదువు, లైసెన్సు, ఇంకా మనవాళ్ళు చూసుకోని సిటిజెన్‌షిప్ సంగతి

డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్, అంటే డీసీ డిగ్రీ. కాలేజీలో కనీసం 90 క్రెడిట్లు పూర్తిచేసి చేరితే మామూలుగా నాలుగేళ్ళు, సెలవులు లేకుండా లాగిస్తే కొన్నిచోట్ల ఇంకా తొందరగా అవుతుంది. మనవాళ్ళు ఎక్కువున్న ఊళ్ళ దగ్గరే కాలేజీలు ఉన్నాయి, డాలస్‌లో పార్కర్, అట్లాంటా పక్కన మారియెటాలో లైఫ్, హ్యూస్టన్ దగ్గర పాసడీనాలో టెక్సాస్ కైరోప్రాక్టిక్ కాలేజ్, షికాగో దగ్గర లొంబార్డ్‌లో నేషనల్, బే ఏరియాలో హేవర్డ్‌లో లైఫ్ వెస్ట్. కాలేజీకి సీసీఈ (కైరోప్రాక్టిక్ చదువులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉండాలి, అది లేకపోతే వీఏ వైపు చూడక్కర్లేదు. తర్వాత నేషనల్ బోర్డ్ పరీక్షలు, ఆ తర్వాత ఏదో ఒక స్టేట్ లైసెన్స్. ఇక్కడ ఒక మంచి సౌకర్యం ఉంది, వీఏ ఫెడరల్ కాబట్టి ఏ ఒక్క స్టేట్ లైసెన్స్ ఉన్నా దేశంలో ఏ వీఏలో అయినా పనిచెయ్యొచ్చు, టెక్సాస్ లైసెన్స్‌తో కాలిఫోర్నియా వీఏలో చేరొచ్చు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు ఒకటి అడగండి: మీ స్టూడెంట్స్‌కి వీఏ హాస్పిటల్లో క్లినికల్ రొటేషన్ ఉందా, ఏడాదికి ఎంతమందికి ఇస్తారు? కొన్ని కాలేజీలు వెన్నెముక సరిచేస్తే ఒంట్లో జబ్బులన్నీ పోతాయన్న పాత ఫిలాసఫీని ఇప్పటికీ పట్టుకుని ఉన్నాయి, కొన్ని రీసెర్చ్, హాస్పిటల్ పని వైపు మొగ్గుతాయి. వీఏ మీ లక్ష్యమైతే రెండో రకానికే వెళ్ళండి, ఇందులో నాకు సందేహం లేదు.

ఇండియాలో చేసిన బీపీటీ ఇక్కడ డీసీకి సమానం కాదు, కొన్ని సబ్జెక్టులకి క్రెడిట్ ఇస్తారేమో గానీ డిగ్రీ మొత్తం మళ్ళీ చదవాల్సిందే. తిరిగి ఆంధ్రాకో తెలంగాణకో వెళ్ళి గవర్నమెంట్ హాస్పిటల్లో ఇదే చేద్దామంటే అక్కడ కైరోప్రాక్టర్ అనే పోస్టు లేదు, వెన్నునొప్పికి గవర్నమెంట్ కొలువు అంటే ఫిజియోథెరపీ దారే, అందుకే బీపీటీ చేసినవాళ్ళు ఇండియా వెళ్ళే ఆలోచన కొంచెం ఉన్నా అప్పు చేసి డీసీ చదవొద్దు.

ఇక సిటిజెన్‌షిప్. వీఏలో ఈ పోస్టులకి చట్టం ప్రకారం అమెరికన్ సిటిజెన్ అయి ఉండాలి, అర్హత ఉన్న సిటిజెన్ దొరకనప్పుడే వేరేవాళ్ళని తీసుకోవడానికి వీలుంటుంది. ఎఫ్‌1 మీద వచ్చి డీసీ చదివి ఓపీటీలో (చదువయ్యాక స్టూడెంట్లకి ఇచ్చే పని అనుమతి) వీఏలో దూరిపోదాం అనే ప్లాన్ దాదాపు జరగని పని, ఎవరైనా ఏజెంట్ అలా చెప్తే నమ్మకండి. అబ్బాయిలకి ఇంకోటి, 18 నుంచి 25 మధ్య వయసులో గ్రీన్‌కార్డ్ మీదో సిటిజెన్‌గానో ఇక్కడ ఉండి, అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి గవర్నమెంట్ పేర్లు నమోదు చేసుకునే సెలెక్టివ్ సర్వీస్‌లో రిజిస్టర్ అవ్వకపోతే ఫెడరల్ ఉద్యోగం దగ్గర అది అడ్డం పడుతుంది. అమ్మానాన్నలకి అసలు ఆ మాటే తెలిసుండదు, హైస్కూల్ అయ్యేటప్పుడే చూసుకోండి.

చదువు అప్పు ఫెడరల్ లోన్ అయితే వీఏ ఉద్యోగానికి ఒక పెద్ద లాభం, పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ కింద 120 నెలసరి కట్టుబడులు పూర్తయ్యాక మిగిలింది మాఫీ. దానికి గవర్నమెంట్ ఉద్యోగం, ఫుల్‌టైం, సరైన రీపేమెంట్ ప్లాన్ మూడూ ఉండాలి, కాబట్టి చేరిన మొదటి నెలే ఎంప్లాయర్ సర్టిఫికేషన్ ఫారం పంపించండి. కొన్ని పోస్టులకి వీఏ సొంతంగా కూడా అప్పు తీర్చడంలో సాయం చేస్తుంది, అది పోస్టుని బట్టి ఉంటుంది, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టక ముందే అడగాలి, తర్వాత అడిగితే చాలా కష్టం. బాగా నడిచే సొంత క్లినిక్కు అంత డబ్బు ఇక్కడ రాదు. బదులుగా పెన్షన్, రిటైర్మెంట్ ఖాతాలో 5 శాతం దాకా గవర్నమెంట్ కలపడం, హెల్త్ ఇన్సూరెన్స్, ఇంకా మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ మీరు కొనక్కర్లేకపోవడం, ఎందుకంటే డ్యూటీలో చేసిన వైద్యం మీద కేసు వేస్తే అది గవర్నమెంట్ మీదకే వెళ్తుంది.

లోపలికి వెళ్ళడం

అన్నిటికంటే గట్టి దారి రెసిడెన్సీ, అంటే డిగ్రీ అయ్యాక హాస్పిటల్లో చేసే శిక్షణ. 2014లో వీఏ 5 చోట్ల మొదలుపెట్టింది, తర్వాత ఇంకొన్ని కలిశాయి, ఒక ఏడాది ఫుల్‌టైం, స్టైపెండ్ ఇస్తారు. సీట్లు చాలా తక్కువ. కానీ ఆ ఏడాదిలో పెయిన్ క్లినిక్, న్యూరో, రుమటాలజీ, ప్రైమరీ కేర్ అన్నిచోట్లా కూర్చుంటారు, ఆ డాక్టర్లు పేషెంట్ గురించి ఎలా ఆలోచిస్తారో చెవులతో వింటారు, అది కాలేజీ ఇవ్వలేనిది. రాకపోతే నిరాశపడి వదిలెయ్యొద్దు, స్టూడెంట్ రొటేషన్, లేదా నాలుగైదు రకాల డాక్టర్లు కలిసి ఉన్న ప్రైవేట్ హాస్పిటల్లోనో కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లోనో రెండుమూడేళ్ళ అనుభవం కూడా బాగా పనికొస్తుంది.

ఖాళీలు యూఎస్ఏజాబ్స్ సైట్‌లో పడతాయి. కొన్ని పోస్టులు చాలా తక్కువ రోజులే తెరిచి ఉంటాయి, అందుకని అలర్ట్ పెట్టుకుని రెజ్యూమె, ట్రాన్స్‌క్రిప్టులు, లైసెన్స్ కాపీ, బోర్డ్ మార్కులు ఒక ఫోల్డర్లో రెడీగా ఉంచుకోండి. నోటిఫికేషన్‌లో ఏ పేపర్ అడిగారో అదొక్కటి లేకపోయినా అప్లికేషన్ పక్కకి పోతుంది, ఎంత గొప్ప అనుభవం ఉన్నా చూడరు. ఇంటర్వ్యూలో "మీరేం చేస్తారు" అని కాకుండా "ఫలానా పరిస్థితి వచ్చినప్పుడు మీరేం చేశారు" అని అడుగుతారు, అంటే నిజంగా జరిగినవి ఒక ఆరేడు సంగతులు ముందే గుర్తుచేసుకుని ఉంచుకోవాలి: డాక్టర్‌తో అభిప్రాయం కలవనప్పుడు ఏం చేశారు, పేషెంట్‌కి మీ వైద్యం పనిచెయ్యనప్పుడు ఏం చేశారు, ప్రమాద సూచన పట్టుకుని ఎవరినైనా ఎమర్జెన్సీకి పంపారా. ఇందులో రెండోదానికి సూటిగా జవాబు చెప్పేవాళ్ళంటే నాకు గౌరవం, అన్నీ నయం చేశానని చెప్పేవాళ్ళని ప్యానెల్ నమ్మదు.

సెలెక్ట్ అయ్యాక క్రెడెన్షియలింగ్ అని ఒక పెద్ద తతంగం ఉంటుంది, మీరు పనిచేసిన ప్రతిచోటా, మీ దగ్గర ఉన్న ప్రతి లైసెన్సూ, ఎక్కడైనా కేసులు ఉన్నాయా అన్నీ నేరుగా ఆయా ఆఫీసుల నుంచే తెప్పించుకుంటారు. మధ్యలో కొన్ని నెలలు ఖాళీ ఉంటే ఎందుకో రాయాలి, అమ్మమ్మకి బాగోలేక ఇండియా వెళ్ళానంటే అదే రాయండి. నెలలు పట్టొచ్చు, పాత ఉద్యోగానికి తొందరపడి రాజీనామా ఇవ్వకండి. జీతం గ్రేడు ఒక బోర్డ్ కూర్చుని మీ అనుభవం చూసి నిర్ణయిస్తుంది, కాబట్టి టీచింగ్, పబ్లికేషన్లు, కమిటీలు ఏమున్నా వదలకుండా రాయండి. చేరాక రెండేళ్ళు ప్రొబేషన్.

మొదటి నెలల్లో

హాస్పిటల్ మీకు ఏమేం చెయ్యడానికి అనుమతి ఇచ్చిందో ఒక లిస్ట్ ఉంటుంది, దాన్ని ప్రివిలేజెస్ అంటారు. ఎక్స్‌రే, ఎంఆర్ఐ మీరే ఆర్డర్ చెయ్యొచ్చా, సూదులతో చేసేవి చెయ్యొచ్చా అన్నది మీ స్టేట్ లైసెన్సూ ఈ లిస్టూ కలిపి చూసుకోవాలి, పక్క ఊరి వీఏలో చేస్తున్నారు కదా అని మొదలుపెట్టొద్దు. మొదట్లో మీ కేసులు కొన్ని తీసి ఇంకొకళ్ళు రివ్యూ చేస్తారు, అది మిమ్మల్ని అనుమానించడం కాదు, కొత్తగా చేరిన సర్జన్‌కీ అదే జరుగుతుంది.

ఆ నెలల్లో చెయ్యాల్సిన అతి ముఖ్యమైన పని ట్రీట్‌మెంట్ గదిలో ఉండదు. ప్రైమరీ కేర్ టీంలు వారానికో రెండువారాలకో మీటింగ్ పెట్టుకుంటాయి, అక్కడికెళ్ళి పది నిమిషాలు ఇమ్మని అడగండి, ఎలాంటి పేషెంట్‌ని పంపాలి, ఎవరిని పంపకూడదు, పంపితే ఎన్ని వారాల్లో చూస్తారు, చివరికి ఏం తిరిగొస్తుంది, ఈ నాలుగే చెప్పండి. గొప్పలొద్దు. వీఏలో మన తెలుగు డాక్టర్లు కూడా కనిపిస్తారు, ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చిన వాళ్ళకి చదువులో ఎక్కడా కైరోప్రాక్టర్ ఎదురుపడి ఉండడు, తెలిసినదల్లా యూట్యూబ్‌లో మెడ టక్కుమనిపించే వీడియోలు. "పుత్తూరు కట్టు లాంటిదా అండీ?" అని మనస్ఫూర్తిగానే అడుగుతారు. విసుక్కోవద్దు. అది విరిగిన ఎముకలకి కట్టే కట్టు, విరిగిన ఎముక మా దగ్గరికి అసలు రాకూడదు అని చెప్పి, గైడ్‌లైన్ తీసి చూపించండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 గైడ్‌లైన్ నడుంనొప్పికి మందుల కంటే ముందు వాడమన్న వాటిలో స్పైనల్ మానిప్యులేషన్ (వెన్నెముకని చేత్తో కదిపి చేసే వైద్యం) ఉంది, వీఏ, రక్షణ శాఖ కలిసి ఇచ్చిన 2022 గైడ్‌లైన్ దీర్ఘకాలిక నడుంనొప్పికి దాన్ని సూచిస్తుంది, కాకపోతే బలహీనమైన సిఫార్సుగా. ఆ "బలహీనమైన" అన్న మాట దాచొద్దు, మీరే ముందు చెప్పండి. 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో 750 మంది డ్యూటీలో ఉన్న సైనికుల మీద మామూలు వైద్యం ఒక్కటే ఇవ్వడం, దానికి కైరోప్రాక్టిక్ కలపడం పోల్చి చూస్తే 6 వారాలకి కలిపినవాళ్ళకి నొప్పి, పని చేసుకోలేకపోవడం రెండూ ఇంకా ఎక్కువ తగ్గాయి. అది మన వైపు ఉన్న మంచి ఆధారం, అలాగే అందులో తమకి ఏ చికిత్స అందుతోందో పేషెంట్లకి తెలుసు కాబట్టి దాని పరిమితీ చెప్పండి. లెక్క దాచకుండా మాట్లాడే మనిషికి డాక్టర్లు రెఫరల్ పంపుతారు, ఇది నేను మళ్ళీ మళ్ళీ చూసింది.

ఫిజికల్ థెరపీ వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడుకోండి, ఎవరు ఏ పేషెంట్‌ని ముందు చూడాలి, వ్యాయామాలు ఎవరు నేర్పాలి, ఇద్దరి దగ్గరికీ ఒకేసారి వెళ్తున్న వెటరన్‌కి రెండు రకాల మాటలు చెప్పకుండా ఎలా చూడాలి. ఈ ఒక్క సంభాషణ జరగనిచోట రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య పేషెంట్ నలిగిపోతాడు.

మొదటి విజిట్

వచ్చేవాళ్ళు సొంత క్లినిక్కుకి వచ్చే ఐటీ ఉద్యోగి లాంటివాళ్ళు కాదు. వియత్నాం యుద్ధం కాలం వాళ్ళలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది, రక్తం పల్చబడే మందులు వాడుతుంటారు, ఎముకలు గుల్లబారి ఉంటాయి, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి తగ్గి ఉండొచ్చు, నడుంలో రాడ్లు స్క్రూలు వేసి ఉంటారు. ఇరాక్, అఫ్గానిస్థాన్ నుంచి వచ్చినవాళ్ళు చిన్నవాళ్ళే, కానీ ఏళ్ళ తరబడి ఆర్మర్ బరువు మోసిన నడుములు, పేలుళ్ళ దగ్గర తలకి తగిలిన దెబ్బలు, నిద్ర పట్టని రాత్రులు. అందుకే పేషెంట్ లోపలికి రాకముందే చార్ట్ చదవాలి. సర్జరీలు, పాత స్కాన్‌లు, మందుల లిస్ట్, మెంటల్ హెల్త్ నోట్, ఈ నాలుగూ చూడకుండా చెయ్యి వెయ్యొద్దు.

గదిలోకి వచ్చాక ముందు కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడండి, టేబుల్ సంగతి తర్వాత. పీటీఎస్డీ (యుద్ధంలాంటి భయంకరమైన అనుభవాల తర్వాత మిగిలే మానసిక గాయం) ఉన్నవాళ్ళకి, మిలిటరీలో లైంగిక హింస అనుభవించినవాళ్ళకి, బోర్లా పడుకుని వెనక ఎవరో నిలబడటం అనేదే భయం. తలుపు వైపు కనిపించేలా కూర్చోబెట్టండి, ముట్టుకునే ప్రతిసారీ ముందు చెప్పి, సరేనన్నాకే ముట్టుకోండి, "ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేస్తా" అని చెప్పి నిజంగా ఆపండి. బోర్లా పడుకోలేకపోతే పక్కకి తిరిగి, కూర్చుని చేసే పద్ధతులు ఉన్నాయి, సౌండ్ రాని నెమ్మదైన మొబిలైజేషన్ ఉంది. సౌండ్ వస్తేనే వైద్యం అన్న భ్రమ పేషెంట్‌కి ఉంటే తియ్యండి, మీకుంటే ముందు అది తియ్యండి.

ప్రమాద సూచనలు ప్రతి ఒక్కళ్ళనీ అడగాలి: కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రాత్రిపూట ఎలా పడుకున్నా తగ్గని నొప్పి, పాత క్యాన్సర్, చాలాకాలం స్టెరాయిడ్లు, ఈమధ్య పడిపోవడం. మూత్రం రాకపోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం, కాళ్ళలో బలం రోజురోజుకీ తగ్గడం ఇవి కనబడితే అది మన కేసు కాదు, అదే గంటలో ఎమర్జెన్సీకి, సోమవారం ఫోన్ చేస్తానులే అనే మాట ఉండకూడదు.

కొలత కోసం మూడు ప్రశ్నల పెగ్ స్కేల్ నాకు బాగా నచ్చుతుంది, గత వారంలో నొప్పి సగటున ఎంత, అది జీవితంలో సంతోషానికి ఎంత అడ్డం పడింది, రోజువారీ పనులకి ఎంత అడ్డం పడింది, ఒక్కోటి 0 నుంచి 10. ఒక నిమిషం పని. దానికితోడు ఒక్క పని అడగండి, ఇది మళ్ళీ చెయ్యగలిగితే చాలు అనుకునేది ఏంటని. ఒకరు మనవణ్ణి ఎత్తుకోవాలంటారు, ఒకరు లాన్ కోసుకోవాలంటారు. లక్ష్యం అదే రాయండి. తర్వాత ట్రయల్ పెట్టండి, మామూలుగా 4 నుంచి 6 విజిట్లు, తర్వాత మళ్ళీ కొలుద్దాం, 30 శాతం అయినా తగ్గకపోతే దారి మారుద్దాం అని మొదటి రోజే చెప్పండి. మొదటి రోజు చెప్తే అది ప్లాన్, ఆరో విజిట్‌లో చెప్తే పేషెంట్‌కి తోసేసినట్టు అనిపిస్తుంది.

ఇంకొకటి, నొప్పి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ కొందరు "ఇలా బతికేం లాభం" అంటారు. దాన్ని వినీ విననట్టు వదలకూడదు. మీరు వెన్నెముక డాక్టరే కావొచ్చు, కానీ వారానికోసారి అరగంట ఆ మనిషిని ముట్టుకుని మాట్లాడేది మీరే, సైకియాట్రిస్ట్‌కి చెప్పనిది మీకు చెప్తారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. వీఏ ప్రతి ఉద్యోగికీ దీని మీద ట్రైనింగ్ ఇస్తుంది, హాస్పిటల్లోనే అదే రోజు మెంటల్ హెల్త్ వాళ్ళకి అప్పగించే పద్ధతి ఉంటుంది, మీరే వెంట నడిచి తీసుకెళ్ళండి. ఇంటి దగ్గర ఉన్నప్పటికి 988కి ఫోన్ చేసి 1 నొక్కితే వెటరన్ల లైన్ వస్తుంది, ఆ నంబర్ మీ గదిలో గోడ మీద ఉండాలి.

మెడ దగ్గర

మెడ మీద జోరుగా చేసే మానిప్యులేషన్ గురించి విడిగా రాస్తున్నా ఎందుకంటే డాక్టర్లకి మన మీద ఉన్న భయాల్లో మొదటిది ఇదే, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మెడ రక్తనాళం చిరిగితే స్ట్రోక్ రావొచ్చు, అరుదే, కానీ కొందరిలో ఆ చిరుగు మన దగ్గరికి వచ్చేముందే మొదలై ఉంటుంది, వాళ్ళు వచ్చేదే ఆ మెడనొప్పితో. కాబట్టి ఇంతకుముందెప్పుడూ లేని రకం మెడనొప్పి, తలనొప్పి, తల తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, ముఖం ఒకవైపు తిమ్మిరి, వీటిలో ఏదున్నా మెడ తిప్పకండి, ఎమర్జెన్సీకి పంపండి. ఏమీ లేనప్పుడు కూడా లాభం, ప్రమాదం, ఇంకా ఏ దారులున్నాయో మూడూ మామూలు మాటల్లో చెప్పి, ఒప్పుకున్నారని నోట్‌లో రాయండి. వద్దన్నవాళ్ళకి మెత్తటి పద్ధతులు, వ్యాయామం ఇవ్వండి, బతిమాలొద్దు.

నోట్ ఎలా రాయాలి

వీఏలో మీరెవరో హాస్పిటల్‌కి తెలిసేది మీ నోట్ ద్వారానే. రెఫరల్ కన్సల్ట్ రూపంలో, అంటే డాక్టర్ రాసి పంపిన అభ్యర్థనగా, సీపీఆర్‌ఎస్ అనే మెడికల్ రికార్డుల సిస్టంలో వస్తుంది, కొన్ని ఊళ్ళలో దాని బదులు కొత్త ఒరాకిల్ సిస్టం వచ్చింది. డాక్టర్ ఏం అడిగారో మొదట అది చదవండి. "సయాటికా, సర్జరీ అవసరమా అని ఆలోచిస్తున్నాం" అని రాస్తే మీ నోట్ మొదటి మూడు లైన్లలో దానికి జవాబు ఉండాలి. ఏంటి సమస్య, నరం దెబ్బతిన్న గుర్తులు ఉన్నాయా లేవా, ఏం చేస్తున్నాం, ఎప్పటికి తేలుతుంది, ప్రైమరీ కేర్ వాళ్ళు చెయ్యాల్సింది ఏమైనా ఉందా, ఇంతే. మిగతా వివరమంతా కింద. రోజుకి వందల అలర్ట్‌లు చూసే డాక్టర్ కిందకి స్క్రోల్ చెయ్యరు.

కాలేజీలో నేర్చుకున్న లిస్టింగ్‌లు, ఏ వెన్నుపూస ఎటు జరిగిందనే అక్షరాలు, ఇవేవీ వద్దు. చట్టంలో సబ్‌లక్సేషన్ (వెన్నుపూస పక్కకి జరగడం) అనే మాట ఉంది నిజమే, కానీ న్యూరాలజిస్ట్ చదివే నోట్‌లో "ఐదో లంబార్ దగ్గర కదలిక తగ్గింది, నొక్కితే నొప్పి, కాళ్ళ బలం, రిఫ్లెక్స్‌లు మామూలుగా ఉన్నాయి" అని రాస్తే అందరికీ ఒకటే అర్థమవుతుంది. బయట మెడికేర్ పేషెంట్లని చూసిన అలవాటు ఉన్నవాళ్ళు ఇంకోటి మార్చుకోవాలి, మెడికేర్ 1970ల నుంచీ కైరోప్రాక్టర్‌కి చేత్తో చేసే స్పైనల్ మానిప్యులేషన్‌కి మాత్రమే డబ్బిస్తుంది కాబట్టి నోట్ మొత్తం దాని చుట్టూ రాస్తారు, వీఏలో ఆ కట్టుబాటు లేదు. పరీక్ష చెయ్యడం, వ్యాయామం నేర్పడం, నిద్ర గురించి, పొగ మానడం గురించి మాట్లాడటం అన్నీ మీ పనే, అన్నీ రాయండి, వాటికి తగ్గ, చేసిన పనిని లెక్కలోకి తెచ్చే కోడ్‌లు వెయ్యండి, మీ క్లినిక్‌కి ఇంకో మనిషి కావాలని రేపు అడిగినప్పుడు చూసేది ఆ కోడ్‌లనే.

డిసెబిలిటీ రేటింగ్ కోసం లెటర్ రాసివ్వమని వెటరన్లు అడుగుతారు. వాళ్ళ అవసరం నిజమైనది, కానీ రేటింగ్ నిర్ణయించేది వీఏలో వేరే విభాగం. మీరు చెయ్యాల్సింది ఎంతవరకు వంగగలరు, ఎంతసేపు కూర్చోగలరు అన్నది కొలిచి ఉన్నదున్నట్టు రాయడం, పెంచకుండా తగ్గించకుండా. మీ ఖచ్చితమైన నోటే వాళ్ళకి ఎక్కువ సాయం.

ఆపడం

ఇది కొత్తవాళ్ళకి అన్నిటికంటే కష్టం, నొప్పి తగ్గిన పేషెంట్ "నెలకోసారి వస్తాను డాక్టర్" అని ప్రేమగా అడుగుతుంటే వద్దనడం. కానీ వెయిటింగ్ లిస్ట్‌లో ఇంకా ఒక్కసారి కూడా చూడనివాళ్ళు ఉన్నారు, మీ స్లాట్ పబ్లిక్ డబ్బుతో నడుస్తోంది, పైగా మీరు లేకుండా తన నడుం తనే చూసుకోగలగడమే ఆ మనిషికి మీరివ్వగలిగే పెద్ద బలం. కాబట్టి ఇలా చెయ్యండి: చివరి రెండు విజిట్ల మధ్య దూరం పెంచండి, మూడు నాలుగు వారాలు. ఈ మధ్యలో నొప్పి మళ్ళీ లేస్తే ఏం చెయ్యాలో ఒక పేజీలో పెద్ద అక్షరాలతో రాసివ్వండి, ఏ వ్యాయామం, వేడి కాపడం ఎంతసేపు, ఎన్ని రోజులు ఆగాలి, ఏ లక్షణం వస్తే ఆగకుండా ఫోన్ చెయ్యాలి. హాస్పిటల్లో తాయ్ చి, యోగా క్లాసులు ఉంటే అక్కడ పేరు నమోదు చేయించాకే డిశ్చార్జ్ చెయ్యండి, చాలా వీఏల్లో ఉంటాయి, వీడియోలో కూడా జరుగుతాయి.

కొద్దిమందికి మాత్రం అప్పుడప్పుడు చూస్తూ ఉండటం న్యాయమే, చూడటం ఆపితే పని చేసుకోలేక మళ్ళీ మాత్రల వైపు వెళ్ళేవాళ్ళు ఉంటారు. అలాంటప్పుడు ఆపి చూశాం, పెగ్ స్కోర్ ఇంత పెరిగింది, మళ్ళీ మొదలుపెడితే ఇంత తగ్గింది అని అంకెలతో రాసి, ప్రైమరీ కేర్ డాక్టర్‌ని ఆ నోట్ చదివి తనూ సంతకం పెట్టేలా అడిషనల్ సైనర్‌గా పెట్టండి. పనిచెయ్యనివాళ్ళ విషయంలో ఇంకా తొందరగా ఉండాలి, ఆరు విజిట్లకీ కదలిక లేదంటే పన్నెండుకి వస్తుందని ఆశపెట్టొద్దు, పెయిన్ క్లినిక్‌కో, ఫిజికల్ థెరపీకో, నొప్పి కోసం సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) చేసే సైకాలజిస్ట్‌కో కన్సల్ట్ పెట్టమని సూచించి, పేషెంట్‌కి ఎందుకో ఎదురుగా కూర్చుని చెప్పి, డిశ్చార్జ్ నోట్ చివర మళ్ళీ ఏ పరిస్థితిలో మా దగ్గరికి పంపొచ్చో ఒక లైన్ రాయండి, ఆ లైన్ లేకపోతే అదే కన్సల్ట్ ఆరు నెలల్లో ఏ మార్పూ లేకుండా మళ్ళీ వస్తుంది.